తాళ్ల వీధిలో నాలుగు గంటల ఆట

ఇవాళ చిన్న కథ చెప్తాను పండూ. చాలా చిన్నది. నువ్వు ఆ దుప్పటి గడ్డం దాకా లాక్కునే లోపు అయిపోతుంది. కాళ్ళు ఆడించకు మరి.

అనగనగా ఒక ఊరు. మరీ అంత అనగనగా కాదు, మీ అమ్మకి పెళ్ళయిన ఏడాది సంగతి. ఆ ఊళ్ళో తాళ్ల వీధి అని ఒక వీధి. మొత్తం పదిహేను ఇళ్ళు. వీధి చివర పంట కాలవ. ఆ పదిహేను ఇళ్ళలో ఏం జరుగుతుందో నాకు తెలియదు. నేను ఒకరి సంగతి పట్టించుకునే మనిషిని కాదు. అరుగు మీద కూర్చుంటాను. కనపడితే చూస్తాను, వినపడితే వింటాను, అంతే.

ఆ వీధిలో కండక్టరు పేరయ్య ఉండేవాడు. బస్సులో ముప్పై ఏళ్ళు పని చేసి రిటైరయ్యాడు. బస్సు ఆయన్ని వదిలింది గానీ ఆయన బస్సుని వదల్లేదు. నలుగురు గుమిగూడితే చాలు, "జరగాలి, వెనక్కి జరగాలి" అనేవాడు. కూతురి పెళ్ళిలో పురోహితుణ్ణి జరిపాడు. ఆ తర్వాత పెళ్ళికొడుకుని జరిపాడు. ఆ తర్వాత వియ్యపురాలిని జరపబోతే ఆవిడ చూసిన చూపుకి తనే జరిగాడు.

పేరయ్య కథ కాదు కదూ చెప్తానంది. నూకరత్నం మామ్మ కథ. వస్తున్నా.

దానికి ముందు పీచు తాడు ఎలా పేనతారో నీకు తెలియాలి. ఒకరు చక్రం దగ్గర కూర్చుని పిడి తిప్పుతారు. ఇంకొకరు నడుముకి కొబ్బరి పీచు మూట కట్టుకుంటారు. కొంచెం పీచు చక్రానికి తగిలిస్తారు. అప్పుడు వేళ్ళతో పీచు వదులుతూ వెనక్కి నడుస్తారు. చక్రం తిరుగుతూ ఉంటే పీచు మెలి పడి తాడవుతుంది. చక్రం తిరిగినంతసేపూ నడవాలి. చక్రం ఆగితే ఆగాలి. మధ్యలో తల తిప్పి చూడకూడదు. చూస్తే తాడు తెగుతుంది.

అందుకని మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. తాడు పేనే మనిషి వెనక ఎవరూ నిలబడకూడదు. ఆ దారిలో అడుగు పెట్టకూడదు. ఏదైనా చెప్పాలంటే చక్రం పక్కకి వచ్చి, ఎదురుగా నిలబడి చెప్పాలి. పిల్లలకి అన్నం తినడం నేర్పక ముందే ఇది నేర్పేవాళ్ళం. ఆ తర్వాత మోటార్లు వచ్చాయి. చక్రాలు పొయ్యిలోకి పోయాయి. పద్ధతి మాత్రం పోలేదు.

నూకరత్నం మామ్మ నలభై ఏళ్ళు తాడు పేనింది. ఆవిడ వెనక్కి నడిచిన దూరమంతా కలిపితే కాశీ చేరిపోతుంది, కాశీకి వీపు పెట్టి.

వయసు మీద పడ్డాక మామ్మకి మతిమరుపు జబ్బు వచ్చింది. ముందు గరిటె ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. ఆ తర్వాత గరిటె ఎందుకో మరిచిపోయింది. ఆ తర్వాత కొడుకుని మరిచిపోయింది.

కొడుకు పేరు సూరిబాబు. కోడలు మంగతాయారు. సూరిబాబు గునపం మీద రోజుకి వెయ్యి కొబ్బరికాయలు ఒలిచే మనిషి. సినిమాలో హీరోయిన్ తుమ్మినా ఏడుస్తాడు. మంగతాయారు చాలా గుట్టు మనిషి. అత్తగారి జబ్బు సంగతి ఎవరికీ చెప్పొద్దని ఇంటింటికీ వెళ్ళి మరీ చెప్పింది.

మామ్మ పొద్దున్నంతా బాగానే ఉండేది. మధ్యాహ్నం కునుకు తీసేది. నాలుగు కొట్టేసరికి లేచి నిలబడేది. "పనికి పోవాలి" అనేది. చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరేది.

వాళ్ళ ఇల్లు వీధి చివరిది. నా అరుగుకి ఎదురుగానే. వాకిలి దాటితే పాత తాడు దారి, ఆ దారి చివర కాలవ గట్టు.

మొదటిసారి మామ్మ గట్టు మీద దొరికింది. రెండోసారి మోకాళ్ళ లోతు నీళ్ళలో దొరికింది. చీర అంచు నీళ్ళలో తేలుతోంది, ఆవిడ మాత్రం తాపీగా నిలబడి ఉంది. సూరిబాబు నీళ్ళలోకి దిగి ఎత్తుకొచ్చాడు. ఆ రోజు అతను ఏడవలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

అతను నేరుగా వడ్రంగి భద్రాచారి దగ్గరికి వెళ్ళాడు. "అమ్మ గది తలుపుకి బయటనుంచి గడియ పెట్టాలి ఆచారిగారూ. ఇనప గడియ" అన్నాడు.

"ఆదివారం వస్తాను" అన్నాడు ఆచారి. ఆయన మా పెరటి తలుపుకి కూడా ఆదివారమే వస్తానన్నాడు. అది మీ అమ్మ పుట్టిన ఏడు.

ఈ సంగతి ఎస్తేరుకి తెలిసింది. ఎస్తేరు కాలవ అవతలి ఊరి పిల్ల, ఆశా వర్కరు. టీకాలూ, గర్భిణీలూ, దోమలూ అన్నీ ఆ పిల్ల నెత్తినే. ఈ మధ్యే పట్నం వెళ్ళి మతిమరుపు జబ్బు మీద మూడు రోజులు శిక్షణ తీసుకుని వచ్చింది.

"గడియ వద్దన్నయ్యా" అంది.

"మరి నువ్వొచ్చి కాపలా కాస్తావా చెల్లెమ్మా?"

"మామ్మ కాళ్ళు నలభై ఏళ్ళు పని చేశాయి. నాలుగయ్యేసరికి పని అడుగుతున్నాయి. తలుపేస్తే ఊరుకుంటాయా? తలుపుని తంతాయి. కూర్చోబెట్టి ఆడించే ఆటలున్నాయి, మెత్తని ఆటలు, దెబ్బ తగలనివి. నాకు మూడు రోజులివ్వు."

"మూడు రోజులయ్యాక?"

"నాలుగు నుంచి దీపాలు పెట్టే వేళ దాకా మామ్మ వాకిలి దాటకపోతే గడియ అక్కర్లేదు. దాటితే నేను నోరెత్తను."

"గురు, శుక్ర, శని" అన్నాడు సూరిబాబు. "ఆదివారం గడియ."

ఇదమ్మా పందెం. గెలిస్తే మామ్మకి వాకిలి, గాలి, వెలుతురు. ఓడితే నాలుగు గోడలు. వీధి అంతా చూడ్డానికి వచ్చింది. నేను రాలేదు. నా అరుగు మీంచే కనపడుతుంది.

గురువారం నాలుగు గంటలకి ఎస్తేరు వచ్చింది. ముందు వాకిట్లో కాళ్ళకి అడ్డం వచ్చేవన్నీ తీయించింది, బకెట్లు, పీటలు, మంగతాయారు గిన్నెలు. చేతులున్న కుర్చీ తెచ్చి గోడకి ఆనించింది. మామ్మని కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకి ఆనేలా చూసింది. అప్పుడు అందరికీ చెప్పింది. ఎదురుగా ఉండి మాట్లాడాలి, వెనకనుంచి పిలవకూడదు. తొందర పెట్టకూడదు. తప్పు చేశావనకూడదు.

తప్పు చేశావనకూడదన్నప్పుడు మంగతాయారు ముఖం చూడాలి. ఇక రేపట్నుంచి వంటలో ఉప్పు వేయకూడదన్నట్టు పెట్టింది.

మొదటి ఆట బంతి. పాత చీరలు చుట్టి కుట్టిన గుడ్డ బంతి. ఎస్తేరు మెల్లగా మామ్మ ఒళ్ళోకి వేసింది. మామ్మ పట్టుకుంది. మామ్మ బంతిని తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఇందులో నీళ్ళు లేవు" అంది. "ముదురు కాయ."

"ఇలా ఇయ్యమ్మా" అని సూరిబాబు చెయ్యి చాపాడు. ఆ చేతి మీద ఒక్కటి వేసింది. బంతిని కొంగులో కట్టుకుంది. పది నిమిషాలు కూర్చుంది. ఆ తర్వాత లేచి, బంతితో సహా పనికి బయల్దేరింది. ఎస్తేరు పక్కనే నడిచి, కబుర్లు చెప్పి, గట్టు దగ్గరనుంచి మళ్ళించి తీసుకొచ్చింది. ఒక రోజు పోయింది.

శుక్రవారం ఎస్తేరు ఎర్ర బుడగ తెచ్చింది. దాన్ని అరచేత్తో పైకి తోయడమే ఆట. మామ్మకి నచ్చింది. తోసింది, మళ్ళీ తోసింది. మూడోసారి నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి సూరిబాబు కళ్ళు తుడుచుకున్నాడు. హమ్మయ్య, మనిషి మళ్ళీ మామూలుగా ఏడుస్తున్నాడనుకున్నాను.

అప్పుడు గాలి వీచింది. బుడగ వెళ్ళి చూరుకున్న మేకుకి తగిలి పేలింది.

మామ్మ బెదిరిపోయింది. కుర్చీలోంచి ఎగిరి లేచి, గోడ వెంట పరుగెత్తి, గచ్చు మీద పడింది. మోచెయ్యి చెక్కుకుపోయి రక్తం వచ్చింది. ఎవరు దగ్గరికి వెళ్ళినా చేతులడ్డం పెట్టుకుని వణికింది. సూరిబాబు వెళితే ఇంకా వణికింది.

"నాదే తప్పు" అంది ఎస్తేరు. "పేలేవీ, చప్పుడు చేసేవీ వాడొద్దని చెప్పారు మాకు. సరదా పడుతుంది కదా అనుకున్నాను."

సూరిబాబు చొక్కా వేసుకుని ఆచారి ఇంటికి వెళ్ళాడు. "ఆదివారం దాకా వద్దు. రేపు నాలుగింటికి రండి" అన్నాడు.

శనివారం నాలుగింటికి ఎస్తేరు మూడో ఆటతో వచ్చింది. పాత పంచె పొడుగ్గా చీల్చిన గుడ్డ. ఒక కొస మామ్మ చేతికిచ్చింది, ఇంకో కొస తను పట్టుకుని ఎదురుగా ఇంకో కుర్చీలో కూర్చుంది. ముందుకి వంగడం, వెనక్కి వాలడం. పడవ తోసినట్టు. అంతకంటే ఏమీ లేదు.

అప్పుడే భద్రాచారి వచ్చాడు. ఆయన జీవితంలో చెప్పిన వేళకి చెప్పిన చోటికి రావడం అదే మొదలు. సంచిలోంచి ఇనప గడియ తీసి గడప మీద పెట్టాడు. మా అందరి వైపూ వీపు పెట్టి, మామ్మ గది తలుపుకి బరమా ఆనించాడు. బరమా అంటే కన్నాలు తొలిచేది, చేత్తో పిడి పట్టుకుని తిప్పుతారు. తిప్పడం మొదలుపెట్టాడు. గర్‌ర్‌, గర్‌ర్‌ అని చప్పుడు.

మామ్మ తల ఎత్తింది.

గుడ్డ మీద ఆవిడ వేళ్ళు కదిలాయి. మెలి పెడుతున్నాయి. ఆ తర్వాత లేచి, చప్పుడు వచ్చే తలుపు వైపు తిరిగి నిలబడి, కొంగు నడుము చుట్టూ బిగించింది. ఆ తర్వాత ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. వీపు నిటారుగా ఉంది, పాదం నేలని వెతుక్కోకుండా పడుతోంది. ఏడాదిగా తడబడుతూ నడిచిన మనిషి.

ఎస్తేరు ముఖం విప్పారింది. తనూ లేచింది. ఆ నడకలో మామ్మకి తన కుర్చీ తగులుతుందేమోనని, గుడ్డ కొస వదిలి కుర్చీ పక్కకి లాగింది. లాగి, తిరిగి చూసేసరికి మామ్మ వాకిలి దాటింది. గుడ్డ నేల మీద పాకుతూ ఆవిడ వెంట పోతోంది.

వెనక ఉన్నది పాత తాడు దారి. దాని చివర గట్టు. గట్టు అవతల కాలవ. వారం రోజులుగా నీళ్ళు వదిలారు, నిండుగా పారుతోంది.

వీధిలో జనం చాలామందే ఉన్నారు. ఎవరైనా నాలుగు అంగల్లో వెనక్కి వెళ్ళి పట్టుకోవచ్చు. మా వాళ్ళు ఏం చేశారో తెలుసా? గబగబా పక్కకి తప్పుకుని ఆవిడకి దారి వదిలారు. ఆ తర్వాత బుద్ధిగా వచ్చి ఎదురుగా నిలబడ్డారు. చంటిపిల్లలనుంచి పేరయ్య దాకా అందరూ.

"ఎవరైనా వెనక్కి వెళ్ళండి" అంది ఎస్తేరు. గట్టిగా అరిస్తే మామ్మ బెదురుతుందని గొంతు తగ్గించి అంది. "వెనక్కి వెళ్ళి పట్టుకోండి."

ఒక్క కాలు కదల్లేదు. ఒకరినని ఏం లాభం, నా కాళ్ళూ కదల్లేదు.

పైగా పేరయ్య అలవాటుగా "జరగాలి, వెనక్కి జరగాలి" అన్నాడు. మామ్మ ఇంకో అడుగు వెనక్కి వేసింది. మంగతాయారు ఆయన నోరు మూసింది, తన చేత్తోనే.

ఎస్తేరు ఒక్కత్తే ఆ వీధి మనిషి కాదు. తను ముందుకి పరుగు తీయబోయింది. ఎదురుగా మనిషి తాడు మీదకి వస్తుంటే మామ్మ ముఖం చిట్లించి, ఇంకా వేగంగా వెనక్కి నడిచింది. ఎస్తేరు ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళే కొద్దీ కాలవ దగ్గరవుతోంది.

అప్పుడు సూరిబాబు "అమ్మా" అని పిలిచాడు. మామ్మ వినలేదు. ఎవరి అమ్మనో పిలుస్తున్నారనుకుంది.

ఆ తర్వాత ఎస్తేరు "నూకరత్నం మామ్మా, ఒక్కసారి ఆగు" అంది. మామ్మ నవ్వి తల ఊపింది. ఊపుతూనే నడిచింది.

ఆ తర్వాత మంగతాయారు ఏమీ పిలవలేక కూలబడి, అత్తగారి పాదాలనే చూస్తూ ఉండిపోయింది. గట్టు ఇంకా ఆరడుగులు. బరమా చప్పుడు మాత్రం ఆగలేదు. గర్‌ర్‌, గర్‌ర్‌.

తన పనికి ఎవరూ వంక పెట్టకపోవడం ఆచారికి వింతగా అనిపించింది కాబోలు. తిప్పుతూనే భుజం మీంచి వెనక్కి చూశాడు. చూసి, మొత్తం అర్థం చేసుకున్నాడు. వడ్రంగే గానీ ఆ వీధిలోనే పుట్టాడు. చిన్నతనంలో ఆయనా చక్రం తిప్పినవాడే.

చెయ్యి ఆపుతాడనుకున్నాం. ఆపలేదు.

ఒక్క క్షణం తర్వాత నాకూ తట్టింది. చక్రం ఒక్కసారిగా ఆపితే పేనే మనిషి తూలి వెల్లకిలా పడుతుంది. మెల్లగా ఆపాలి.

ఆచారి కొంచెం నెమ్మది చేశాడు. మామ్మ అడుగు చిన్నదయింది. నాలుగడుగులు మిగిలాయి.

ఇంకొంచెం నెమ్మది చేశాడు. ఆయన నుదుటి మీంచి చెమట ముక్కు మీదకి జారుతోంది, తుడుచుకోలేదు. రెండడుగులు మిగిలాయి.

ఇంకా నెమ్మది చేశాడు. గర్‌ర్‌ అన్నది గర్‌ అయింది, ఆ తర్వాత చప్పుడు లేదు.

మామ్మ ఆగింది. ఒక మడమ గట్టు అంచున ఉంది. సగం నేల మీద, సగం గాలిలో. అంచు మట్టి రాలి నీళ్ళలో పడింది. ఆ చప్పుడు వీధి వీధంతా విన్నాం.

"తాడు నిండిందమ్మా" అన్నాడు ఆచారి. గొంతు పెంచలేదు. "చుట్టుకుంటూ వచ్చెయ్యి."

మామ్మ గుడ్డ కొస అందుకుంది. అరచేతినుంచి మోచేతికి, మోచేతినుంచి అరచేతికి చుట్టుకుంటూ ముందుకి నడిచింది. మోచేతి మీద నిన్నటి దెబ్బ ఉంది, పట్టించుకోలేదు. ఒక్కో చుట్టుకీ ఒక్కో అడుగు. గట్టు వెనకపడింది. వాకిలి వచ్చింది.

వాకిట్లో సూరిబాబు చేతులు చాపి నిలబడ్డాడు. ముఖం నిండా నీళ్ళు. ఇప్పుడు గుర్తుపడుతుంది అనుకున్నాం అందరం. నేనైతే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను కూడా.

"దారి వదులు బాబూ, చుట్ట పాడవుద్ది" అంది మామ్మ.

సూరిబాబు దారి వదిలాడు. మామ్మ ఆచారి ముందుకి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"చెయ్యి తొణకలేదు" అంది. "రేపూ నువ్వే రా."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు ఆచారి.

ఆ తర్వాత ఆయన గడప మీంచి గడియ తీసి సంచిలో వేసుకున్నాడు. సూరిబాబు వద్దనలేదు, కావాలనలేదు. ఆ తలుపుకి ఒక్క కన్నం మిగిలింది. ఇప్పటికీ ఉంది.

మర్నాడు ఎస్తేరు ఆసుపత్రిలో డాక్టరుగారిని అడిగొచ్చింది. వెనక్కి నడక ముసలివాళ్ళకి మంచిది కాదు, ముందుకి నడిపించండి అన్నారాయన. ముందుకి నడిపిస్తే మామ్మ కదల్లేదు. అయితే పక్కన ఒకరు, వెనక ఒకరు ఉండాలి, ఒక్క అడుగు కూడా వదలకూడదు అన్నారు.

అప్పుడు ఎస్తేరు ఆటని తిరగేసింది. ఆచారిని గట్టు వైపు కూర్చోబెట్టింది. ఇప్పుడు మామ్మ వెనక్కి నడిస్తే కాలవకి దూరంగా, ఇంటి వైపు వస్తుంది. దారిలో రాళ్ళన్నీ ఏరించింది. పక్కన మంగతాయారు నడవాలి. వెనక ఎవరు నిలబడతారని అడిగింది.

మా వీధిలో ఆ మాటకి జవాబు ఉండదు. అందరం నేల చూశాం. పేరయ్య కూడా ఎవరినీ జరపలేదు.

సూరిబాబు వెళ్ళి నిలబడ్డాడు.

ఆ రోజునుంచి నాలుగయ్యేసరికి ఆచారి వస్తాడు. కన్నం తొలిచే ములుకు తీసేసి, ఉత్త బరమా తిప్పుతాడు. మా పెరటి తలుపు అలాగే ఉంది, దానికి మాత్రం రాడు. మామ్మ పేనుతూ నడుస్తుంది. దీపాలు పెట్టేదాకా నడవడం, చుట్టుకోవడం, కూర్చుని అలుపు తీర్చుకోవడం. అలిసిన రోజు కుర్చీలోనే గుడ్డ మెలి పెట్టుకుంటుంది. ఒంటరిగా కాలవ వైపు మళ్ళీ పోలేదు.

రోజూ ఆడుతుంటే ఎప్పుడో ఒకప్పుడు కొడుకుని గుర్తుపడుతుందని అందరం అనుకున్నాం. మంగతాయారు ఎవరికీ చెప్పకుండా మొక్కుకుంది, ఊరంతటికీ తెలుసు. ఎస్తేరు కూడా అనుకుంది, పైకి అనలేదు.

గుర్తుపట్టలేదు.

తాడు దారి చివర ఆవిడ వీపు సూరిబాబు ఛాతీకి తగులుతుంది. పూర్వం ఆ చోట తాడు కట్టే గుంజ ఉండేది. ఆవిడ తల వెనక్కి ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుంటుంది.

"ఈ గుంజ గట్టిగా పాతారు" అంటుంది.

సూరిబాబు పలకడు. గుంజ పలికితే ఆవిడ బెదిరిపోతుంది.

అంతే పండూ. చిన్న కథే కదా.

తాడు చుట్టేశాం, చక్రం ఆపేశాం,
కథని కంచి బండి ఎక్కించేశాం,
దుప్పటి కప్పేశాం, దీపం ఆర్పేశాం,
మనింటి మంచం మీద వాలేశాం.